అనుభవం గల ప్రత్యేక ఉపాధ్యాయులకు ఉన్నత విద్య: ఎం.ఎడ్. నుండి పరిశోధన వరకు

హైదరాబాద్: మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలలోను, స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్న ప్రత్యేక పాఠశాలల్లోను పది, పదిహేను సంవత్సరాలుగా పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయులు ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఎందరో ఉన్నారు. వీరిలో అధికులు డిప్లొమాతోనో, ప్రత్యేక విద్యలో బి.ఎడ్. పట్టాతోనో వృత్తిలో ప్రవేశించినవారు. వారు చదువుకున్ననాటి పాఠ్యాంశాలకు, నేడు వారి ఎదుట కూర్చుంటున్న పిల్లల అవసరాలకు మధ్య దూరం ఏటేటా పెరుగుతున్నది. ఈ దూరాన్ని తగ్గించడానికి ఉన్న ప్రధాన మార్గం స్నాతకోత్తర విద్య, అనగా ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్., ఆపైన పరిశోధన. ఈ చదువుకు ఎవరు అర్హులు, అందులో ఏమి నేర్పుతారు, ఉద్యోగంలో ఉన్నవారికి అడ్డంకులేమిటి, కార్యాలయాల స్థాయిలో చేయవలసినదేమిటి అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మారిన చట్టం, మారని పట్టా

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. అంధత్వం, మందదృష్టి, కుష్ఠువ్యాధి నుండి కోలుకున్న స్థితి, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక అస్వస్థత అందులో చేరాయి. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బహుళ వైకల్యాల గురించి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రస్తావించింది. అటు తరువాత 2016లో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జాబితాను 21కి పెంచింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం తదితరాలు ఇందులో స్పష్టంగా చోటుచేసుకున్నాయి. ఈ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ప్రామాణిక వైకల్యం గల 6 నుండి 18 సంవత్సరాల వయసు పిల్లలందరికీ సమీప పాఠశాలలో గాని, వారు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు ఉంది. సంజ్ఞాభాష, బ్రెయిలీ తెలిసిన ఉపాధ్యాయులను, మేధో వైకల్యం గల పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులను తయారుచేసి నియమించడం ప్రభుత్వాల బాధ్యత అని 17వ సెక్షన్ చెబుతున్నది.

చట్టం మారినంత వేగంగా ఉపాధ్యాయుని పట్టా మారదు. 1998లో బుద్ధిమాంద్యం విభాగంలో డిప్లొమా పూర్తి చేసిన ఉపాధ్యాయురాలు ఒక మండల కేంద్రంలో పనిచేస్తున్నదనుకుందాం. ఆమె వద్దకు నేడు ఆటిజం గల బాలుడు వస్తాడు, రెండు చెవులకూ వినికిడి పరికరం పెట్టుకున్న బాలిక వస్తుంది, లెక్కలు నోటితో చెప్పగలిగినా రాయలేని ఐదవ తరగతి విద్యార్థి వస్తాడు. మండలంలో వేరే ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండకపోవచ్చు. ‘ఇది నా విభాగం కాదు’ అని ఆమె ఎవరినీ తిప్పి పంపలేదు. ప్రతి ప్రత్యేక ఉపాధ్యాయుని శిక్షణ ఒక వైకల్య విభాగానికి పరిమితమై ఉండటం, గ్రామీణ ప్రాంతంలో కొలువు మాత్రం అన్ని విభాగాలను ఒకరికే అప్పగించడం ఈ రంగంలోని మౌలికమైన ఇబ్బంది. ఉన్నత విద్య అవసరాన్ని గురించి ఆలోచించేటప్పుడు ఇక్కడి నుండే ప్రారంభించడం సబబు.

పాత్రికేయ మిత్రుల దృష్టికి ఒక విషయం. పాత ఉత్తర్వులలో, పట్టాలలో ‘బుద్ధిమాంద్యం’, ‘మానసిక వికలాంగులు’ అన్న మాటలు కనిపిస్తాయి. ప్రస్తుత చట్టం వాడే మాట ‘మేధో వైకల్యం’. మానసిక అనారోగ్యం పూర్తిగా వేరు. రెంటినీ కలిపి రాయడం వల్ల పిల్లల తల్లిదండ్రులు విద్యాలయానికి బదులు వైద్యాలయం చుట్టూ తిరిగిన సందర్భాలు తక్కువేమీ కావు.

పునరావాస మండలి పాత్ర

ప్రత్యేక విద్య కోర్సులు సాధారణ బి.ఎడ్., ఎం.ఎడ్. కోర్సుల వలె జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి పరిధిలోకి రావు. వీటి ప్రమాణాలను నిర్ణయించేది భారత పునరావాస మండలి. 1986లో రిజిస్టర్డ్ సొసైటీగా ఏర్పడిన ఈ మండలికి 1992 నాటి చట్టం ద్వారా చట్టబద్ధత లభించగా, 1993 నుండి చట్టబద్ధ సంస్థగా పనిచేస్తున్నది. పాఠ్యప్రణాళిక ఖరారు చేయడం, శిక్షణ సంస్థలను తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వడం, అర్హులైనవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదు చేయడం దీని విధులు. నమోదు లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయునిగా పనిచేయడం శిక్షార్హమైన నేరం. ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 13వ సెక్షన్ చెబుతున్నది. జరిమానా మొత్తం 1992 నాటి ధరలకు తగినదే తప్ప నేటి కాలానికి సరిపోదన్నది వేరే సంగతి.

కనుక పత్రికా ప్రకటనలో ఏదైనా సంస్థ ‘ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్.’ అని చెప్పినప్పుడు ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి, ఆ వైకల్య విభాగానికి మండలి గుర్తింపు ఉన్నదా అన్నది మొదట సరిచూడవలసిన విషయం. గుర్తింపు సంస్థ మొత్తానికి కాక కోర్సుకు విడిగా ఇస్తారు. వినికిడి లోపం విభాగంలో గుర్తింపు ఉన్న కళాశాలకు మేధో వైకల్యం విభాగంలో గుర్తింపు ఉండాలని లేదు. ఈ తేడా గమనించక ఫీజు కట్టి, చదువు పూర్తి చేసిన తరువాత నమోదు దొరకక ఇబ్బంది పడే ఉపాధ్యాయుడు కోల్పోయేది డబ్బు ఒక్కటే కాదు, రెండేళ్ల కాలం కూడా.

ఎం.ఎడ్. ప్రత్యేక విద్య స్వరూపం

2015 - 16 విద్యా సంవత్సరానికి పూర్వం ప్రత్యేక విద్యలో బి.ఎడ్., ఎం.ఎడ్. కోర్సులు ఒక్కో ఏడాది కాలపరిమితి గలవి. అటుపిమ్మట రెండూ రెండేళ్ల కోర్సులయ్యాయి. ఎం.ఎడ్.లో చేరడానికి ప్రత్యేక విద్యలో బి.ఎడ్. ఉండాలి, లేదా సాధారణ బి.ఎడ్.తో పాటు మండలి గుర్తించిన ప్రత్యేక విద్య డిప్లొమా ఉండాలి. ఈ రెండవ మార్గం ముఖ్యమైనది. తొలుత డిప్లొమా చేసి ప్రత్యేక పాఠశాలలో చేరి, ఉద్యోగం చేస్తూ సాధారణ బి.ఎడ్. పూర్తి చేసినవారు ఉన్నారు. తమకు ఎం.ఎడ్. అర్హత లేదని వీరిలో కొందరు భావిస్తుంటారు. అది సరికాదు.

కోర్సులో విద్యా తత్త్వం, అభ్యసన మనోవిజ్ఞానం, పరిశోధన పద్ధతులు, గణాంక శాస్త్రం, పాఠ్యప్రణాళిక రూపకల్పన, సమ్మిళిత విద్య, ఉపాధ్యాయ విద్య, మూల్యాంకనం వంటివి అందరికీ ఉమ్మడిగా ఉంటాయి. వీటితో పాటు ఎంచుకున్న వైకల్య విభాగంలో గుర్తింపు, మదింపు, బోధనా వ్యూహాలు, వయోజన దశ సమస్యలు లోతుగా చెబుతారు. వీటన్నిటికీ పైన ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. బి.ఎడ్. స్థాయిలో ఉపాధ్యాయుడు ‘ఎలా బోధించాలి’ అన్నది నేర్చుకుంటే, ఈ స్థాయిలో ‘ఈ పద్ధతి పని చేసిందని ఎలా తెలుసుకోవాలి’ అన్నది నేర్చుకుంటాడు. అనుభవం గల ఉపాధ్యాయునికి, నేరుగా బి.ఎడ్. నుండి వచ్చిన విద్యార్థికి తేడా స్పష్టమయ్యేది ఇక్కడే. పది సంవత్సరాలు తరగతి గదిలో గడిపినవాని దగ్గర జవాబు దొరకని ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు సిద్ధాంత వ్యాసానికి అంశం కోసం గ్రంథాలయంలో వెతుక్కోవలసి వస్తుంది.

తెలుగు నేలపై ఈ చదువుకు దీర్ఘ చరిత్ర ఉంది. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లి సమీపంలోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఎన్.ఐ.ఎం.హెచ్. అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన ఈ కేంద్ర సంస్థ పేరు తరువాతి కాలంలో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.గా మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ అనుబంధంతో ప్రత్యేక విద్యలో బి.ఎడ్., ఎం.ఎడ్. కోర్సులను ఈ సంస్థ నిర్వహిస్తూ వచ్చింది. శ్రవణ వైకల్యం రంగంలో ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు 1983 నుండి చరిత్ర ఉండగా, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉండటం మన ఉపాధ్యాయులకు కలిసివచ్చిన అంశం. దృష్టి వైకల్యంలో దేహ్రాదూన్‌లోని జాతీయ సంస్థ, బహుళ వైకల్యాలలో చెన్నై సమీపాన ముట్టుకాడులో 2005లో ప్రారంభమైన సంస్థ ప్రముఖమైనవి. ముంబయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో, కోయంబత్తూరులోని అవినాశిలింగం సంస్థలో ప్రత్యేక విద్యకు విడిగా శాఖలున్నాయి.

సికింద్రాబాద్ సంస్థ పట్టాలు ఇవ్వడంతో ఆగలేదు. అక్కడి ప్రత్యేక విద్యావేత్తలు రూపొందించిన ‘ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ ఫర్ ప్రోగ్రామింగ్’ అన్న మదింపు పట్టిక నేటికీ దేశమంతటా ప్రత్యేక పాఠశాలల్లో వాడుకలో ఉంది. ఇది పిల్లవానిని తెలివితేటల అంకెతో కాక, తనంతట తాను భోజనం చేయగలడా, డబ్బు గుర్తించగలడా, బస్సు ఎక్కగలడా అన్న నిత్యజీవిత నైపుణ్యాలతో కొలుస్తుంది. ఒక స్థాయిలో 80 శాతం సాధించిన పిల్లవానిని పై స్థాయికి పంపుతారు. 1992లో వెలువడిన ‘బేసిక్ - ఎం.ఆర్.’ కొలమానంలో మొదటి భాగం 280 నైపుణ్యాలను, రెండవ భాగం 75 సమస్యాత్మక ప్రవర్తనలను పరిశీలిస్తుంది. విదేశాల నుండి తెచ్చిన పరీక్షలు మన ఇళ్లకు, మన వీధులకు సరిపోవన్న గుర్తింపు నుండి పుట్టిన సాధనాలివి. తరగతి గది ఎరిగినవారు పరిశోధనకు పూనుకుంటే ఏమి సాధ్యమో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణలు అవసరం లేదు.

తెలుగు పిల్లల కోసం జరగవలసిన పరిశోధన

ఎం.ఎడ్., పిహెచ్.డి. స్థాయి అధ్యయనం అవసరాన్ని చాలామంది పదోన్నతి కోణంలోనే చూస్తారు. నిజానికి పిల్లలకు నేరుగా సంబంధించిన ప్రశ్నలు తెలుగులో ఎన్నో మిగిలి ఉన్నాయి. అభ్యసన వైకల్యం గురించి మన ఉపాధ్యాయులు చదివే పాఠ్యగ్రంథాలు అత్యధికం ఇంగ్లీషు రాసే పిల్లలను దృష్టిలో ఉంచుకొని రాసినవి. బి అన్న అక్షరాన్ని డి అని తిప్పి రాయడం వాటిలో తరచుగా చెప్పే ఉదాహరణ. తెలుగు లిపిలో ఆ ఇబ్బంది లేదు. మన పిల్లవాడు తడబడేది మ, య ల దగ్గర. వ, ప, ష ల దగ్గర. ద, ధ, థ ల దగ్గర. గుణింతాలతో అక్షరం ఆకారం మారుతుంది. క, త, న, మ, య, ర, ల వంటి అక్షరాల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. కనుక అక్షరం నేర్చిన పిల్లవాడు వత్తును మరో కొత్త గుర్తుగా మళ్లీ నేర్చుకోవాలి. సంయుక్తాక్షరంలో పైన రాసినది ముందు పలకాలి, కింద రాసినది తరువాత పలకాలి, అచ్చు గుర్తు పై అక్షరానికి తగిలించినా దానిని చివర పలకాలి. పెద్దలకు అలవాటైపోయిన ఈ క్రమం పిల్లవానికి ఎంత క్లిష్టమో ఒకసారి ‘స్త్రీ’ అన్న పదాన్ని విడదీసి చూస్తే అర్థమవుతుంది.

మరొక అంశం. తెలుగులో రాతకు, ఉచ్చారణకు సామీప్యం ఎక్కువ. ఇటువంటి లిపి గల భాషలలో చదవడంలోని ఇబ్బంది తప్పుల రూపంలో కన్నా మందగతి రూపంలో ఎక్కువగా బయటపడుతుందని వేర్వేరు దేశాలలో జరిగిన అధ్యయనాలు తెలిపాయి. అంటే ఇంగ్లీషులో తయారైన పరీక్షను అనువదించి తప్పులు లెక్కపెడితే, తెలుగు మాధ్యమ విద్యార్థిలో వైకల్యం కనిపించకుండా జారిపోయే ప్రమాదం ఉంది. పిల్లవాడు ‘బద్ధకస్థుడు’ అన్న ముద్రతో ఏడవ తరగతి వరకు వెళతాడు. వత్తుల దగ్గర ఎంతసేపు ఆగుతున్నాడు, ఏ గుణింతాల దగ్గర ఊహించి చదువుతున్నాడు అన్నది వరుసగా నమోదు చేయడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఓపిక గల ఉపాధ్యాయుడు, ఒక గడియారం, సరైన పరిశోధన పద్ధతి చాలు. మూడవది నేర్పేది స్నాతకోత్తర విద్య.

దృష్టి వైకల్యం విభాగంలోనూ ఇటువంటి ప్రశ్నలున్నాయి. భారతీ బ్రెయిలీలో తెలుగు రాసేటప్పుడు వత్తు అక్షరం కిందికి వెళ్లదు. అక్షరాలన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. సంయుక్తాక్షరానికి ముందు పొల్లును సూచించే గడి వస్తుంది. అచ్చులో చూసి నేర్చిన ఉపాధ్యాయునికి, వేళ్లతో తడిమి నేర్చే విద్యార్థికి ఒకే పదం రెండు వేర్వేరు క్రమాలలో అందుతుందన్న మాట. సాధారణ పాఠశాలలో చదివే అంధ విద్యార్థి చేసే రాత తప్పులను ఈ తేడా తెలియని పరీక్షకుడు సరిగా అంచనా వేయలేడు. శ్రవణ వైకల్యం విషయానికి వస్తే, 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడిన తరువాత నిఘంటువు పని ముందుకు సాగి, 2021 నాటికి పది వేల పదాలకు చేరింది. సంజ్ఞాభాష నుండి తెలుగు వాక్యానికి పిల్లలను ఎలా తీసుకురావాలన్నది మాత్రం ఇక్కడి ఉపాధ్యాయులే తేల్చవలసిన సంగతి. క్రియ చివర వచ్చే తెలుగు వాక్యం, విభక్తులు, క్రియకు చేరే లింగ వచన భేదాలు బధిర విద్యార్థుల రాతలో ఎక్కడ జారిపోతున్నాయో ఢిల్లీలో కూర్చొని తెలుసుకోవడం సాధ్యం కాదు.

చదువుకు సెలవు దొరకని ఉపాధ్యాయులు

ఇంత అవసరం ఉన్నా, అనుభవం గల ఉపాధ్యాయులు ఎం.ఎడ్. తరగతి గదిలో తక్కువగానే కనిపిస్తారు. కారణాలలో మొదటిది ఉద్యోగ స్వభావం. 2000 - 01లో ఆరంభమైన సర్వశిక్షా అభియాన్, 2018 నుండి దాని స్థానంలో వచ్చిన సమగ్ర శిక్ష పథకాల కింద పనిచేసే సహిత విద్య ఉపాధ్యాయులు ఒప్పంద ప్రాతిపదికపై నియమితులైనవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఇ.ఆర్.టి.లుగా, తెలంగాణలో ఐ.ఇ.ఆర్.పి.లుగా వీరిని వ్యవహరిస్తున్నారు. వారంలో కొన్ని రోజులు భవిత కేంద్రంలో బోధన, మిగిలిన రోజుల్లో పాఠశాలల సందర్శన, మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు వెళ్లడం, వైద్య శిబిరాలకు పిల్లలను తీసుకువెళ్లడం, ధ్రువపత్రాల పని - ఇవన్నీ వీరివే. క్రమబద్ధ ప్రభుత్వ ఉద్యోగికి ఫండమెంటల్ రూల్స్ 84వ నియమం కింద చదువు సెలవు కోరే వీలుంది. ఒప్పంద ఉపాధ్యాయునికి ఆ వెసులుబాటు లేదు. రెండేళ్ల పూర్తికాల కోర్సులో చేరడమంటే ఆయన విషయంలో ఉద్యోగం వదులుకోవడమే.

రెండవ కారణాన్ని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఎం.ఎడ్. పూర్తి చేసిన ఉపాధ్యాయుడు తిరిగి పిల్లల వద్దకు రావడం అరుదు. బి.ఎడ్. ప్రత్యేక విద్య కళాశాలల్లో అధ్యాపకులుగా నియమితులు కావడానికి ఎం.ఎడ్. అవసరం. అక్కడ గౌరవం, జీతం మెరుగు. పాఠశాల స్థాయిలో మాత్రం ఆ పట్టాకు విడిగా హోదా లేదు. ఫలితంగా చదువు పెరిగినకొద్దీ ఉపాధ్యాయుడు పిల్లవానికి దూరమవుతున్నాడు. కొత్త ఉపాధ్యాయులను తయారుచేసే చోట అనుభవజ్ఞులు ఉండటం మంచిదే. అయితే జిల్లా స్థాయిలో తోటి ఉపాధ్యాయులకు సలహా ఇచ్చే, కష్టమైన కేసులను స్వయంగా చూసే నిపుణ ఉపాధ్యాయుని హోదా ఒకటి ఉంటే ఈ వలస కొంత తగ్గుతుంది. జిల్లా విద్యా ప్రణాళికలు సిద్ధం చేసే అధికారులు ఆలోచించదగిన విషయమిది.

2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతను అంగీకరించింది. ఉద్యోగంలో ఉన్నవారికి పూర్తికాల, పాక్షిక కాల, మిశ్రమ పద్ధతులలో సర్టిఫికెట్ కోర్సులు ఉండాలని, ఉపాధ్యాయ విద్యా మండలికి, పునరావాస మండలికి మధ్య సమన్వయం పెరగాలని సూచించింది. దూరవిద్య ద్వారా బి.ఎడ్. ప్రత్యేక విద్యను డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అందించిన అనుభవం మనకు ఉంది. అంతకుముందు సర్వశిక్షా అభియాన్ కాలంలో 45 రోజులు, 90 రోజుల పునాది కోర్సులు సాధారణ ఉపాధ్యాయులకు ప్రాథమిక అవగాహన కల్పించాయి. తొంభై రోజుల కోర్సు చేసినవారిని నిపుణులుగా లెక్కలలో చూపిన సందర్భాలు కూడా లేకపోలేదు. పునాదికి పునాది విలువే ఇవ్వాలి.

పోస్టులు, నిష్పత్తులు

ఉన్నత విద్య ప్రశ్న నియామకాలతో ముడిపడి ఉన్నది. రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీం కోర్టు 2021 అక్టోబర్ 28న ఇచ్చిన తీర్పు దరిమిలా, విద్యాహక్కు చట్టం షెడ్యూలును కేంద్రం 2022 సెప్టెంబర్‌లో సవరించింది. దీని ప్రకారం ఒకటి నుండి ఐదు తరగతులలో ప్రతి 10 మంది దివ్యాంగ విద్యార్థులకు, ఆరు నుండి ఎనిమిది తరగతులలో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలి. ఇదే కేసులో 2025 మార్చి 7న అత్యున్నత న్యాయస్థానం, ఈ పోస్టుల సంఖ్యను నోటిఫై చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఏళ్ల తరబడి ఒప్పందంపై పనిచేస్తున్నవారి అర్హతల పరిశీలనకు స్క్రీనింగ్ కమిటీలు ఏర్పాటు చేయాలని కూడా పేర్కొన్నది.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 29న వెలువడిన డి.ఎస్.సి. ప్రకటనలోని 11,062 పోస్టులలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 సెకండరీ గ్రేడ్ పోస్టులు కేటాయించబడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 1,136 సెకండరీ గ్రేడ్, 1,124 స్కూల్ అసిస్టెంట్, వెరసి 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. ఈ పోస్టులు భర్తీ అయినకొద్దీ చదువు సెలవుకు అర్హత గల ప్రత్యేక ఉపాధ్యాయుల సంఖ్య మొదటిసారిగా చెప్పుకోదగిన స్థాయికి చేరుతుంది. వీరికి శిక్షణ ఇవ్వగల ఎం.ఎడ్. పట్టభద్రుల అవసరం అదే మేరకు పెరుగుతుంది.

ఇదిలా ఉండగా, రెండేళ్ల బి.ఎడ్. ప్రత్యేక విద్య స్థానంలో నాలుగేళ్ల సమీకృత కోర్సుకు మారనున్నట్లు పునరావాస మండలి 2024 జనవరిలో ప్రకటించింది. ఇది కొత్తగా చేరేవారికి సంబంధించినది. అప్పటికే పట్టా పొంది నమోదైన ఉపాధ్యాయుల అర్హతకు దీనివల్ల భంగం లేదు.

పిహెచ్.డి. - అధికారులు ఇవ్వవలసిన పత్రం

పూర్వం ఎం.ఎడ్. తరువాత ఎం.ఫిల్., ఆపైన పిహెచ్.డి. అన్న క్రమం ఉండేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబర్‌లో జారీ చేసిన నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. అంతకుముందు పొందిన ఎం.ఫిల్. పట్టాలు చెల్లుతాయి గాని, కొత్త ప్రవేశాలకు తావులేదు. నేడు ఎం.ఫిల్. పేరుతో ప్రవేశ ప్రకటన కనిపిస్తే ఉపాధ్యాయులు అప్రమత్తంగా ఉండవలసి ఉంటుంది.

అదే నిబంధనలు ఉద్యోగంలో ఉన్నవారికి ఒక మేలు చేశాయి. పాక్షిక కాల పిహెచ్.డి.కి స్పష్టమైన అనుమతి లభించింది. స్నాతకోత్తర స్థాయిలో 55 శాతం మార్కులు అవసరం కాగా, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం గలవారికి మరో రెండేళ్లు పొడిగించవచ్చు. పన్నెండు నుండి పదహారు క్రెడిట్ల కోర్స్‌వర్క్ అందరికీ తప్పనిసరి. ఇంతవరకు ఉపాధ్యాయుని చేతిలోని పని.

మిగిలినది పై అధికారి చేతిలో ఉంది. పాక్షిక కాల అభ్యర్థి తాను పనిచేసే కార్యాలయం నుండి నిరాక్షేపణ పత్రం సమర్పించాలి. అందులో మూడు విషయాలు ఉండాలి. అభ్యర్థిని పాక్షిక కాల పద్ధతిలో చదవడానికి అనుమతించినట్లు, ఆయన విధులు పరిశోధనకు తగినంత సమయం కేటాయించడానికి వీలిస్తున్నట్లు, అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తి చేయడానికి విధుల నుండి విడుదల చేస్తామన్నట్లు అందులో రాయాలి. సాధారణంగా కార్యాలయాలు జారీ చేసే ‘అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యపు పత్రం విశ్వవిద్యాలయంలో నిలవదు. పత్రం తిరిగి వచ్చేసరికి ప్రవేశ గడువు ముగుస్తుంది. మండల, జిల్లా కార్యాలయాలలో ఈ మూడు అంశాలతో ఒక నమూనాను సిద్ధంగా ఉంచుకోవడానికి పెద్ద శ్రమ అక్కరలేదు.

అంధులు, బధిరులు అయిన ఉపాధ్యాయులు కూడా ఈ రంగంలో పనిచేస్తున్నారు. వారి అనుభవానికి సాటిలేదు. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యా సంస్థలలో ప్రామాణిక వైకల్యం గలవారికి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలని 2016 చట్టంలోని 32వ సెక్షన్ నిర్దేశించింది. ఎం.ఎడ్. ప్రత్యేక విద్య ప్రవేశాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఎం.ఎడ్. పూర్తి చేసిన ఉపాధ్యాయుడు ఆ అదనపు అర్హతను కేంద్ర పునరావాస రిజిస్టరులోని తన నమోదుకు చేర్పించుకోవాలి. పాత డిప్లొమా నమోదు ఉన్నదని ఊరుకుంటే అధ్యాపక నియామకాల పరిశీలనలో కొత్త పట్టా లెక్కకు రాకపోవచ్చు. నమోదు పునరుద్ధరణకు మండలి గుర్తించిన నిరంతర పునరావాస విద్యా కార్యక్రమాలలో పాల్గొన్న పత్రాలు కూడా అవసరమవుతాయి గనుక, పొరుగు జిల్లాలలో జరిగే అటువంటి సదస్సులకు ఉపాధ్యాయులను ఆన్ డ్యూటీపై పంపేందుకు వీలుగా అధికారులు ముందుగానే ఏర్పాటు చేయవచ్చు.